ఎడమ చేతిని వెంటబెట్టుకుని డార్విన్ దాకా

దేశానికి ఉత్తర కొసనున్న డార్విన్ వెళ్లొచ్చానని చెప్పగానే, దక్షిణాన చలి ఊరైన మా గంగాలిన్‌లో ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న, మొసలిని చూశారా అని. చూశాను. సముద్రం ఒడ్డున హెచ్చరిక బోర్డు మీద బొమ్మగా ఒకసారి, సంతలో పుల్లకు గుచ్చిన కబాబుగా ఇంకోసారి. రెండోదాన్ని తినే ధైర్యం లేక ఊరుకున్నాను. కానీ నేను వెళ్లింది మొసళ్ల కోసం కాదండీ, పియానో మీద బ్లూస్, ఫంక్ అనే అమెరికా బాణీలు నేర్చుకోవడానికి అని చెప్తే మాత్రం ఎవరూ రెండో ప్రశ్న అడగడం లేదు. మాట మార్చి వానల గురించి మాట్లాడుతున్నారు. అడగనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

గంగాలిన్: కుక్క తిన్న షికాగో

ముందు నా సంగతి చెప్పాలి. వయసు యాభై దాటింది. పగలు ఒక ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ కాంట్రాక్టరుని. శనివారం సాయంత్రం మాత్రం ఇక్కడి తెలుగువాళ్ల భజన బృందానికి హార్మోనిస్టుని. రాజమండ్రిలో మా మేనమామ నేర్పిన విద్య అది. బాగానే వాయిస్తానని నా నమ్మకం, బాగానే ఉందని మా ఆవిడ వసుధ మొహమాటం.

మా అమ్మాయి సాహితి ఐదేళ్లప్పుడు భజనలో నాకు ఎడమ పక్కన కూచునేది. "నాన్నా, గాలి నేను కొడతా" అని హార్మోనియం వెనకున్న తిత్తిని రెండు చేతులతో లాగి నెట్టేది. తను ఊపుతుంటే నా ఎడమ చేతికి పని ఉండేది కాదు, ఒళ్లో హాయిగా పడుకునేది. పన్నెండో ఏడు రాగానే సాహితి భజనలు మానేసింది. తర్వాత మంద్రస్వరాలు పలికే బాస్ గిటార్ పట్టుకుంది. తర్వాత నర్సింగ్ చదివింది. తర్వాత డార్విన్ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఈ మధ్య మా ఇద్దరి మాటలన్నీ కలిపి "గుడ్", "బిజీ", "లవ్ యూ, బై" అనే మూడు ముక్కల్లో అయిపోతున్నాయి. పిల్ల మంచిదే. కోపం కూడా ఏమీ లేదు. మాట్లాడటానికి మా మధ్య ఏమీ మిగల్లేదు, అంతే.

అలాంటిది, ఒకరోజు మా కుటుంబం గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఆస్పత్రి వాళ్లంతా కలిసి నడుపుతున్న తన బ్యాండులో కీబోర్డు వాయించే అమ్మాయి పురిటికి వెళ్లిందట. బీచి సంతలో ఒక ప్రోగ్రాం ఉందట. బ్లూస్, ఫంక్ వాయించేవాళ్లు డార్విన్‌లో ఎవరికైనా తెలుసా అని అడిగింది. నేను ఆలోచించకుండా "నేను వస్తా" అని కొట్టేశాను.

వంటింట్లోంచి వసుధ ఫోను పట్టుకుని వచ్చింది. "ఈ 'నేను' ఎవరండీ? మీరేనా?"

"నేనే."

"హార్మోనియం విమానంలో తీసుకెళ్లనిస్తారా?"

సాహితి మాత్రం మర్నాటి దాకా పలకలేదు. మర్నాడు "డాడ్, ఇట్స్ ఫంక్. నాట్ భజన్స్" అని వచ్చింది. కాసేపటికి ఇంకో మెసేజ్. సరే నేర్చుకుని రా, ఒక్క రిహార్సల్ ఉంటుంది, కుదరకపోతే కీబోర్డు లేకుండానే కానిచ్చేస్తాం, నువ్వు ఫీలవ్వనని ప్రామిస్ చెయ్యి అని. ప్రామిస్ అని పెట్టాను. శుద్ధ అబద్ధం. ఇన్నేళ్లకి నా కూతురు పక్కన కూచుని వాయించే అవకాశం ఒకటి నా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. అది కూడా పోతే మళ్లీ వస్తుందన్న ఆశ నాకు లేదు.

గంగాలిన్‌లోనే గ్లెన్ అనే పెద్దాయన దొరికాడు. జీవితమంతా పియానోలు శ్రుతి చేసి రిటైరైన మనిషి. గంటకి ఎనభై డాలర్లు. ఆ మాట వినగానే మా మేనమామ గుర్తొచ్చాడు. ఆయన తీసుకున్నదల్లా పండగకి ఒక పంచె.

మొదటి గొడవ గాంధారం దగ్గర వచ్చింది. గ్లెన్ సాధారణ గాంధారం మీద వేలు జార్చి, అదే ఊపులో పక్క మెట్టు అంతర గాంధారం మీద పడ్డాడు. రెండూ కలిసి మోగాయి. నేను కుర్చీలోంచి లేచాను. మన పద్ధతిలో ఆ మొదటిదానికి షట్శ్రుతి రిషభం అని పేరు మార్చి, కాగితాలు సరిచూసి గానీ రెండోదాని పక్కన కూచోనివ్వరు. ఇక్కడ పేరైనా మార్చకుండా ఇద్దరినీ ఒకే మంచం మీద పడుకోబెట్టారు. ఈ మాటే గ్లెన్‌తో అన్నాను. ఆయన సావధానంగా విని, "అదే బ్లూస్" అన్నాడు.

తర్వాత పియానో మూత మీద బిస్కెట్లతో అమెరికా పటం వేశాడు. ఇది షికాగో, ఇది టెక్సస్, ఇది న్యూ ఆర్లియన్స్. ఒక్కో ఊరికీ ఒక్కో బాణీ. కుడి చేయి ఎక్కడైనా ఒకే రకం అల్లరి చేస్తుందట, ఏ ఊరి బాణీయో చెప్పేది ఎడమ చేయేనట. షికాగో ఎడమ చేయి బరువుగా, తూకంగా నడుస్తుంది. టెక్సస్‌ది రైలులా పరుగెడుతుంది. న్యూ ఆర్లియన్స్‌ది రాకూడని చోట వచ్చి, రావలసిన చోట మానేస్తుంది. ఫంక్ ఆ మానెయ్యడంలోంచి పుట్టిన బిడ్డట. ఇంతలో ఆయన కుక్క వచ్చి షికాగోను తినేసింది.

"ఇప్పుడు నీ ఎడమ చేయి పెట్టు" అన్నాడు గ్లెన్.

పెట్టాను. అది మెట్ల మీద ఆగలేదు. గాల్లోకి లేచి, పియానో పక్కనున్న శూన్యంలో లేని తిత్తిని పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపడం మొదలుపెట్టింది. నలభై ఏళ్లుగా దానికి తెలిసిన పని అదొక్కటే. ఆపుదామంటే కుడి చేయి కూడా ఆగిపోతోంది. కుక్క దాన్ని చూసి మొరిగింది.

"ఎవరికి గాలి కొడుతున్నావు?" అని అడిగాడు గ్లెన్, చాలా మర్యాదగా.

చెప్పాను. ఆయన నా ఎడమ చేతిని పట్టుకుని, తిప్పి చూసి, దీనికి తానూ ఒక చెయ్యినన్న సంగతే తెలియదు అని తేల్చాడు. మందు కూడా రాసిచ్చాడు. డార్విన్ చేరేదాకా పళ్లు తోముకోవడం, తలుపు తియ్యడం, తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం, అన్నీ ఎడమ చేత్తోనే.

"మాలో ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకూడదండీ" అన్నాను.

"అయితే ఇంకా త్వరగా నేర్చుకుంటుంది" అన్నాడు.

క్లైడ్ నార్త్: గృహప్రవేశంలో పక్షవాతం

దారిలో మెల్‌బోర్న్‌లో ఆగాల్సి వచ్చింది. మా పెదనాన్న కొడుకు రమణన్నయ్య క్లైడ్ నార్త్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నాడు. కిందటేడు గడ్డి మేసే ఆవులుండేవట అక్కడ. ఇప్పుడు వీధంతా ఒకే ముక్కు, ఒకే మొహం ఉన్న ఇళ్లు. ప్రతి గుమ్మానికీ మామిడాకులు, సగం ప్లాస్టిక్‌వి. నేను పొరపాటున పక్కింటి వాళ్ల గృహప్రవేశంలోకి వెళ్లి పులిహోర కూడా తిన్నాను. వాళ్లూ తెలుగువాళ్లే కావడంతో పొరపాటు సంగతి చాలాసేపు ఎవరికీ తెలియలేదు.

మా వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం అయ్యింది. పూజారి గారు ఆ రోజుకి నాలుగు ముహూర్తాలు ఒప్పుకున్న మనిషి, నాలుగో ఇంటికి కారు స్టార్ట్ చేసి పెట్టుకున్నారు. తీర్థప్రసాదాలు పంచే పని నా మీద పడింది. నేను ఎంత బుద్ధిమంతుడైన శిష్యుణ్ణంటే, అప్పటికే ఎడమ చేత్తో తినడం, తలుపులు తియ్యడం అలవాటైపోయి, ఆలోచించకుండా ఎడమ చేత్తోనే తీర్థం పోశాను.

వరసలో మొదటి మనిషి ఒక రిటైరైన న్యూరాలజిస్టు అంకుల్. చెయ్యి చాపినవారు చాపినట్టే ఆగిపోయి నా మొహంలోకి చూశారు. "బాబూ, కుడి చెయ్యి ఎత్తు" అన్నారు.

ఒక తెలుగు మగవాడు సత్యనారాయణ స్వామి ఎదుట ఎడమ చేత్తో తీర్థం ఇస్తున్నాడంటే దానికి కారణం ఒకటే అయి ఉండాలని ఆయన నిర్ణయానికి వచ్చేశారు. క్షణంలో నా చుట్టూ డాక్టర్లు. మెల్‌బోర్న్‌లో మన గృహప్రవేశానికి రాయి విసిరితే డాక్టరుకి తగులుతుంది. గుండె డాక్టరు, కళ్ల డాక్టరు, పిల్లల డాక్టరు, అందరూ పట్టుచీరల్లో, పంచెల్లో. ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యని కొత్త సోఫా మీద నన్ను పడుకోబెట్టారు.

"నవ్వండి" అంది పిల్లల డాక్టరు ఆంటీ. భయంతో సగమే నవ్వగలిగాను. ఆ సగం నవ్వు చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

"ఏదైనా ఒక వాక్యం చెప్పు, క్లియర్‌గా" అన్నారు న్యూరాలజిస్టు అంకుల్.

"నేను డార్విన్‌లో మా అమ్మాయి బ్యాండులో ఫంక్ వాయించడానికి వెళ్తున్నానండీ" అన్నాను.

డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "కన్ఫ్యూజన్ కూడా ఉంది" అన్నారు ఎవరో మెల్లగా.

అప్పటిదాకా తలుపు దగ్గర బిగుసుకుపోయి నిలబడ్డ మా వదిన కదిలింది. "గృహప్రవేశం రోజు ఇంటి ముందుకి అంబులెన్స్ వద్దండీ, ప్లీజ్. ఎవరిదైనా కార్లో తీసుకెళ్లండి. సీట్లు పాడవకుండా దుప్పటి వేస్తాను."

చివరికి లేచి కూచుని, గ్లెన్ మందు సంగతంతా విడమరిచి చెప్పాను. రెండు చేతులూ ఎత్తి చూపించాను, పూర్తిగా నవ్వి చూపించాను. డాక్టర్లకి కొంచెం నిరాశ కలిగింది. వదినకి మాత్రం పట్టరాని కోపం వచ్చింది.

"పక్షవాతమైతే పోనీలే పాపం అనుకునేదాన్ని శ్రీధర్. కావాలని ఎడమ చేత్తో ఇచ్చావా? నా కొత్తింట్లో?" అంది. పూజారి గారిని నాలుగో ఇంటి నుంచి వెనక్కి పిలిపించి మళ్లీ తీర్థం పోయించింది. వెళ్లేటప్పుడు నాకు తాంబూలం ఇచ్చింది గానీ, నా రెండు చేతులూ కట్టేసినట్టు దగ్గరగా చాపించి మరీ ఇచ్చింది.

దారిలో: ఒక పెద్దమనిషి

విమానంలో నా పక్క సీటులో ఆరడుగుల మనిషి. నారింజ రంగు పనిచొక్కా, మెడ మీద పచ్చబొట్టు చేప. గనిలో పనికి వెళ్తున్నాడు. విమానం కదలగానే నేను ముందున్న బల్ల మీద ఎడమ చేత్తో టెక్సస్ బాణీ సాధన మొదలుపెట్టాను. బల్ల గజగజ వణికింది. కాసేపటికి చెయ్యి దాని సొంత బుద్ధి చూపించి గాలి కొట్టడం మొదలుపెట్టింది.

ఆయన కాసేపు చూసి, "యూ రైట్, మేట్?" అన్నాడు, ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు. జవాబు వెతుక్కునే లోపలే నా ఎడమ చేతిని తన అరచేతిలోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు. తనకి కూడా మొదట్లో విమానమంటే ఇలాగే భయంగా ఉండేదట. మేఘాలు దాటేదాకా వదల్లేదు. నేను భయం లేదని చెప్పి ఆయన మంచితనాన్ని పాడుచెయ్యడం ఇష్టం లేక, భయపడుతున్నట్టే కూచున్నాను. మన వైపు పక్క సీటువాడు ఊరూ పేరూ జీతం అడుగుతాడు గానీ చెయ్యి పట్టుకోడు. ఈయన పేరు కూడా అడగలేదు. తన పల్లీల పొట్లంలో సగం నాకిచ్చాడు. ఎడమ చెయ్యి ఆయన దగ్గరుంది కాబట్టి కుడి చేత్తోనే తిన్నాను. గ్లెన్‌కి ఈ సంగతి చెప్పలేదు.

డార్విన్: పియానోలో బల్లి

గంగాలిన్‌లో కారు అద్దం మీద మంచు గీక్కుని బయల్దేరినవాణ్ణి. డార్విన్‌లో దిగగానే స్వెట్టరు, కోటు, మఫ్లరు చంకలో పెట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడ్డాను. అది అక్కడి చలికాలమట. నిజానికి చలీ ఎండా అని కాదు, పొడికాలం, వానకాలం అని రెండే కాలాలు వాళ్లకి. సాహితి నన్ను గబుక్కున ఒకసారి కౌగిలించుకుని, "యూ లుక్ హాట్, డాడ్" అని, కారులో ఏసీ పెంచింది. దారంతా ఏసీ గురించే మాట్లాడుకున్నాం.

శనివారం సంతలో లక్సా తినిపించింది. కొబ్బరిపాల పులుసులో సేమ్యా వేసి, పైన మొలకలు, మిరపకాయలు. పదహారు డాలర్లు. మన చేపల పులుసుకి దూరపు బంధువులా ఉంది. ఆ ఊళ్లో దాన్ని పొద్దున్నే టిఫినుగా తింటారు, అదీ నిలబడి, చెమటలు కారుస్తూ, ఎవరిది గొప్పదని కొట్టుకుంటూ. ఇడ్లీ మీద కూడా అంత గొడవ నేను చూడలేదు.

నాకు అసలు బాణీలు నేర్పడానికి సాహితి ఒక గురువుని చూసిపెట్టింది. తన వార్డులో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న నర్సమ్మ ఆంటీ. ఫిజీ తెలుగావిడ. వాళ్ల తాత చెరుకు నరకడానికి ఓడెక్కి వెళ్లాడు. ఆవిడ అక్కడి నాందీ అనే ఊళ్లో టూరిస్టుల హోటల్లో పియానో వాయించింది. ఫిజీలో గొడవలయ్యాక కుటుంబంతో ఇటు వచ్చేసింది. ఇండియా గడప తొక్కలేదు. మన తెలుగు ఆవిడ నోట్లో వాళ్ల తాత దిగిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంది.

"సాయితి వాళ్ల నాన్నవి నువ్వేనేటి? బైఠో, బైఠో" అంది, స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి కింద, నీడలో ఉన్న పియానో ముందు స్టూలు చూపించి. పియానో లోపల ఒక బల్బు వెలుగుతోంది. తేమకి చెక్క ఉబ్బిపోకుండా ఏడాది పొడుగునా వెలుగుతూనే ఉండాలట. ఆ వెచ్చదనానికి ఒక బల్లి కూడా లోపల కాపురం పెట్టింది. మధ్యలో ఒక మెట్టు నొక్కితే స్వరానికి బదులు "చిక్ చిక్" అంటుంది.

"ఈ బాణీలన్నీ ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ?"

"ఓడల్లో వొచ్చీ అమెరికా పియానో వోళ్ల పక్కన కూకుని. ఆలు తాగి పడిపోతే నేను వోయించీదాన్ని. సూడు బాబూ, సికాగో అంటే డూటీకి ఎల్లీవోడి నడక. న్యూ ఆర్లియన్సు అంటే యంగోనా తాగీసి ఇంటికొస్తన్నోడి నడక, కుక్కలు సూడకుండా." యంగోనా అంటే ఫిజీలో వేరు నూరి తాగే మత్తు పానకం. ఆవిడ ఎడమ చేయి నడిచి చూపించింది. నిజంగానే ఎవరో సందులో కుక్కల్ని తప్పించుకుంటూ వస్తున్నట్టుంది.

షికాగో నాకు రెండు పూటల్లో పట్టుబడింది. డ్యూటీకి వెళ్లడం నాకు అలవాటే కదా. న్యూ ఆర్లియన్స్ దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. రావలసిన చోట రాకుండా ఉండటం నావల్ల కాలేదు. హార్మోనియం వాడికి ఖాళీ అంటే భయం. పాడేవాడు ఊపిరి పీల్చుకుంటుంటే ఆ సందు నింపడమే మా ఉద్యోగం.

ఒక మధ్యాహ్నం అలా కుస్తీ పడుతుండగా పియానో మూత మీంచి బల్లి సరిగ్గా నా ఎడమ చేతి మీద పడింది. నేను కెవ్వున అరిచి చెయ్యి లాగి, మళ్లీ పడేసి, మళ్లీ లాగాను.

"అదే! అదే! మల్లీ సెయ్యి!" అని ఆంటీ మోకాలి నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది. "దబ్, ఆగు, దబ్బదబ్! న్యూ ఆర్లియన్సే!"

నేను ముందు వసుధకి ఫోన్ చేశాను. మగవాళ్లకి ఎడమ చేతి మీద బల్లి పడితే ఫలం ఏమిటో పంచాంగం చూసి చెప్పమన్నాను. పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత పంచాంగం మూసేసిన చప్పుడు వినిపించింది.

"తలస్నానం చెయ్యండి, చాలు" అంది.

చేసి వచ్చి, బల్లి ఇంకా అక్కడే ఉన్నట్టు ఊహించుకుంటూ వాయించాను. వచ్చేసింది. యాభై ఏళ్లు దాటాక నా ఎడమ చేతికి మొదటిసారి నడక వచ్చింది. ఆంటీ నా నెత్తి మీద మొట్టి, "శబాష్" అంది. నాకు ఎంత గర్వమేసిందంటే, ఆ పూట కాఫీ కప్పు ఎడమ చేత్తో అందుకుంటుంటే ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూశాను.

రిహార్సల్

ఆస్పత్రి వెనక గ్యారేజీలో రిహార్సల్. డ్రమ్స్ వాయించేది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు, గిటారు ఆపరేషన్లకి మత్తిచ్చే డాక్టరు. సాహితి బాస్ తగిలించుకుని నిలబడింది. పాట మొదలైంది. నేను ఆగలేదు. మొదటి వరసలో షికాగో, రెండో వరసలో టెక్సస్, మూడో వరసలో బల్లి. నేర్చుకున్నదంతా ఎడమ చేత్తో కుమ్మరించాను.

సాహితి చెయ్యి ఎత్తింది. పాట ఆగింది.

"డాడ్. లెఫ్ట్ హ్యాండ్ వద్దు."

"ఎందుకు? తప్పు వచ్చిందా?"

"నో, ఇట్స్ యాక్చువల్లీ గుడ్. బట్ దట్స్ మై పార్ట్. నేను బాస్ కదా. ఇద్దరం కింది స్వరాల్లోనే వాయిస్తే మడ్ అయిపోతుంది. జస్ట్ రైట్ హ్యాండ్. కొంచెం. గ్యాప్స్ వదులు."

గృహప్రవేశంలో పరువు పోగొట్టుకుని, పరాయి మనిషి చేతిలో చెయ్యి పెట్టి, బల్లి మీద పడి తలస్నానం చేసి సంపాదించుకున్న ఎడమ చేయి. అదే వద్దట.

మళ్లీ మొదలుపెట్టాం. కుడి చేయి ఒక్కటే. పని లేని ఎడమ చేయి రెండు క్షణాలు బుద్ధిగా ఉండి, తర్వాత గాల్లోకి లేచి తిత్తి కొట్టడం మొదలుపెట్టింది. మత్తు డాక్టరు దాన్ని వైద్యుడి కళ్లతో చూశాడు. నేను సిగ్గుపడి దాన్ని తొడ కింద పెట్టుకుని కూచున్నాను. అప్పుడు కుడి చేయి కూడా ఆగిపోయింది. నాలుగుసార్లు మొదలుపెట్టాం, నాలుగుసార్లూ ఆగాం. "పోనీ మరాకాస్ ఊపుతారా?" అని డ్రమ్స్ నర్సు రెండు గిలక్కాయలు చూపించి చాలా దయగా అడిగింది.

సాహితి నా చేతినే చూస్తోంది. కారులో దింపుతూ, "ఐ విల్ టెక్స్ట్ యూ, డాడ్. యూ ప్రామిస్డ్, రిమెంబర్?" అంది. ఫీలవ్వనన్న ప్రామిస్. "లేదమ్మా, ఫీలేమీ లేదు" అన్నాను. ఏసీ మరీ చల్లగా ఉందని కూడా చెప్పి దిగిపోయాను.

నర్సమ్మ ఆంటీ విని తొడ చరుచుకుని నవ్వింది. "పిల్ల బాసు వోయిస్తాదని ముందే సెప్పాల కదేటి! బాసు ఉన్నకాడికి పియానో వోడు ఎడం సెయ్యి ఇంటికాడ ఒదిలీసి రావాల!" నా మొహం చూసి నవ్వు ఆపి, వేడి వేడి రోటీలో బంగాళదుంప కూర చుట్టి చేతిలో పెట్టింది. తిన్నాను. ఇంటికెళ్లే విమానం ఎప్పుడుందో కూడా చూసుకున్నాను.

బీచి సంత

మర్నాడు సాహితి మెసేజ్: "కమ్ అట్ ఫైవ్. సైడ్ ఆఫ్ స్టేజ్." అంతే. సామాను మొయ్యడానికి మనిషి కావాలి కాబోలు అనుకున్నాను. వెళ్లి, స్పీకర్లు మోశాను కూడా.

ఆ సంత చూడవలసినదే. ఊరు ఊరంతా మడత కుర్చీలు పట్టుకొచ్చి ఇసకలో వేసుకుని, సూర్యుడు మునిగేదాకా సముద్రాన్ని చూస్తారు. ఒక్కరూ నీళ్లలోకి దిగరు, మొసళ్లున్నాయని బోర్డు ఉంది కాబట్టి. మన విశాఖ బీచిలో అలాంటి బోర్డు పెడితే, మొసలి ఎక్కడుందో చూద్దామని ముందు ఆ నీళ్లలోకే దిగుతాం. ఇక్కడ సూర్యుడు మునగగానే చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో తెలియక నేనూ కొట్టాను. నర్సమ్మ ఆంటీ మొదటి వరసలో కుర్చీ వేయించుకుని, మొసలి కబాబు తింటూ చెయ్యి ఊపింది.

స్పీకరు దింపి పక్కకి తప్పుకుంటుంటే సాహితి నా చొక్కా పట్టుకుని ఆపింది. డ్రమ్స్ వెనక ఉండాల్సిన కీబోర్డుని తనే ఈడ్చుకుంటూ వచ్చి స్టేజీ ముందుకి పెట్టింది. దాని ముందు ఒక స్టూలు వేసింది. దానికి ఎడమ పక్కన, మోకాలు తగిలేంత దగ్గరగా, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని తను కూచుంది. బాస్ వాయించేవాళ్లు కూచోవడం నేను చూడలేదు. మత్తు డాక్టరు కూడా చూసినట్టు లేదు.

"సిట్" అంది.

కూచున్నాను. ఎడమ చేయి అప్పుడే గాల్లోకి లేస్తోంది.

సాహితి దాన్ని చూసింది. బాస్ తీగ మీద వేలు పెట్టి, నా వైపు తిరక్కుండా, ఐదేళ్ల పిల్లలా కిందికే చూస్తూ అంది.

"నాన్నా, గాలి నేను కొడతా."

ఆ మాట మొదట విన్న రోజుల్లోనే నేను ఇంకా ఉండగా తను మొదలుపెట్టేసింది. బాస్ శబ్దం చెవిలోకి రాలేదు, స్టూలు కాళ్లలోంచి, నా తుంటిలోంచి పైకి వచ్చింది. తిత్తి నిండుతున్నప్పుడు హార్మోనియం చెక్కలోంచి మోకాలికి తగిలే ఊపు అది. నా కుడి చేయి దానంతటదే రెండు గాంధారాల మీదా కలిపి పడింది. ఆగింది. మళ్లీ పడింది. ఖాళీ వదిలాను. ఆ ఖాళీలో భయం వెయ్యలేదు, అక్కడ తను ఉంది.

పాట సగంలో ఎందుకో కిందికి చూశాను. నా ఎడమ చేయి ఒళ్లో పడుకుని ఉంది. కదలడం లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఫంక్ వాయిస్తే జనం దాన్ని ఊపు అనుకుంటారని ఆ రోజు తెలిసింది. మొదటి వరస కుర్చీలు ఖాళీ అయ్యాయి, అందరూ లేచి గంతులేస్తున్నారు. నర్సమ్మ ఆంటీ కబాబు పుల్లతో తాళం వేస్తోంది.

పాట అయిపోయింది. చప్పట్లు. నేను నేర్చుకుని వచ్చింది ఆ ఒక్క పాటే. హమ్మయ్య అని లేవబోయాను.

సాహితి అప్పటికే రెండో పాట అందుకుంది.

"ఇది నాకు రాదమ్మా!" అని అరిచాను.

తను వినలేదు. కళ్లు మూసుకుని, మోకాలు నా మోకాలికి ఆనించి, కొడుతూనే ఉంది. గాలి నిండిపోయింది. వాయించాను.